హోమ్ లోన్ మీద బ్యాంకు ఎక్కువ వడ్డీ లాగిందని ఎలా తేల్చాలి, ఎవర్ని ఎలా అడగాలి

మాస్టారూ, మీరు రాసిందీ, పెట్టిన లోన్ కాగితాల ఫొటోలూ రెండుసార్లు చూశాను. మిగతావాళ్లకు అర్థం కావడానికి మీ సంగతి నాలుగు ముక్కల్లో చెబుతాను. 2017 డిసెంబరులో విజయవాడలోని ఒక ప్రభుత్వ బ్యాంకు బ్రాంచిలో 30 లక్షల లోన్ తీసుకుని గుంటూరు గోరంట్లలో ఫ్లాట్ కొన్నారు. ఇరవై ఏళ్ల గడువు, 8.50 శాతం వడ్డీ, ఈఎంఐ 26,035. ఎనిమిదేళ్లు కావస్తోంది కదా, ఇంకో పన్నెండేళ్లేగా అనుకుంటూ 2025 నవంబరు స్టేట్‌మెంట్ తీశారు. అందులో బాకీ 24,60,000, వడ్డీ 9.40, ఇంకా కట్టాల్సింది 173 నెలలు. కొత్తగా వెళ్లినవాళ్లకు అదే బ్యాంకు 7.75కి ఇస్తోంది. అడిగితే బ్రాంచివాళ్లు "సిస్టమ్ వేస్తుంది సార్, మా చేతుల్లో ఏముంది" అన్నారు. ఇది దోపిడీ కాదా, బ్యాంకును నిలదీసే దారి లేదా అన్నది మీ ప్రశ్న.

దారి ఉంది. ముందు నా సంగతి చెబుతాను. ముప్పై ఒక్కేళ్లు బ్యాంకులో పనిచేసి విజయవాడలోనే రిటైరయ్యాను, చివరి పదమూడేళ్లూ ఇళ్ల లోన్ల విభాగమే. "సిస్టమ్ వేస్తుంది" అన్న మాట కౌంటర్ అవతల కూర్చుని నేనూ కొన్ని వందలసార్లు అన్నాను. అది సగమే నిజం. సిస్టమ్ లెక్క మాత్రమే వేస్తుంది. ఏ రేటు మీద వెయ్యాలో, ఆ రేటు ఏ తారీకు నుంచి మారాలో ఎవరో ఒక మనిషి కొట్టాలి. మీరు వెతకాల్సింది ఆ మనిషి కొట్టిన అంకెని.

దానికంటే ముందు, మీకు నచ్చకపోయినా ఒక మాట చెప్పాలి. ఎక్కువ వడ్డీ వేరు, వెయ్యకూడని వడ్డీ వేరు. కొత్తవాళ్లకు 7.75, మీకు 9.40 అన్నది ఎక్కువ వడ్డీ. అన్యాయంగా అనిపిస్తుంది, కానీ దానంతట అది నేరం కాదు. లోన్ మంజూరు చేస్తూ ఇచ్చిన మీ శాంక్షన్ లెటర్‌లో రాసినదానికి విరుద్ధంగా వేసినది వెయ్యకూడని వడ్డీ. మొదటిదాన్ని ఇకముందు పడకుండా ఆపుకోవచ్చు. తిరిగి రాబట్టగలిగేది రెండోదాన్నే. నేను చూసిన ఫిర్యాదుల్లో చాలావరకు కొట్టుకుపోయింది ఈ రెండింటినీ కలిపేసి రాయడం వల్లే.

మీ లోన్ ఎంసీఎల్ఆర్ పద్ధతిలోది. 2010 జూలై నుంచి బేస్ రేటు ఉండేది, 2016 ఏప్రిల్ నుంచి ఎంసీఎల్ఆర్ వచ్చింది. బ్యాంకు తన ఖర్చులు తానే లెక్కగట్టుకుని తానే ప్రకటించుకునే రేటు ఇది. దాని మీద మీకు స్ప్రెడ్ అని కొంత కలుపుతారు. మీ లెటర్‌లో ఎంసీఎల్ఆర్ 8.15, స్ప్రెడ్ 0.35, మొత్తం 8.50, ఏడాదికోసారి రీసెట్ అని ఉంది. అంటే ఏ ఏడాది డిసెంబరులో ఎంసీఎల్ఆర్ ఎంత ఉంటే మళ్లీ డిసెంబరు దాకా మీకు అదే. నడుమ రిజర్వు బ్యాంకు ఎంత తగ్గించినా మీ గుమ్మం దాకా రాదు. 2025లో రెపో రేటు, అంటే రిజర్వు బ్యాంకు మిగతా బ్యాంకులకు అప్పిచ్చే రేటు, ఫిబ్రవరిలో 6.50 నుంచి 6.25కి, ఏప్రిల్లో 6కి, జూన్లో 5.50కి, డిసెంబరులో 5.25కి దిగింది. అయినా మీ నవంబరు స్టేట్‌మెంట్‌లో 2024 డిసెంబరు రేటే కూర్చుని ఉందంటే ఇదే కారణం. అంతవరకూ బ్యాంకు తప్పు లేదు.

2019 అక్టోబరు 1 తర్వాత బ్యాంకులు ఇచ్చిన ఫ్లోటింగ్ (రేటు మారుతూ ఉండే) హోమ్ లోన్లన్నీ బ్యాంకు చేతిలో లేని బయటి బెంచ్‌మార్కుకు, మామూలుగా రెపోకు, ముడిపడి ఉండాలి. మూడు నెలలకు కనీసం ఒకసారి రీసెట్ చెయ్యాలి. కొత్తవాళ్ల 7.75 అక్కడి నుంచి వచ్చింది. పాతవాళ్లను బ్యాంకు తనంతట తాను అందులోకి మార్చాలన్న రూలు లేదు. మారతానని మీరడిగితే మాత్రం, న్యాయమైన పాలనా ఖర్చులు, లీగల్ ఖర్చులు తప్ప వేరే ఫీజు లేకుండా మార్చాలని, అలాంటి కొత్త లోన్‌కు ఏ రేటు ఇస్తున్నారో మీకూ అదే ఇవ్వాలని ఆ ఏడాది సెప్టెంబరు 4 నాటి సర్క్యులర్లోనే రిజర్వు బ్యాంకు చెప్పింది. అడగందే అమ్మయినా పెట్టదంటారు. బ్యాంకు అమ్మ కూడా కాదు. మా రోజుల్లో బేస్ రేటు నుంచి ఎంసీఎల్ఆర్‌కు మారే వీలుందని కస్టమర్లకు మేము ఫోన్లు చేసి చెప్పలేదు, వచ్చి అడిగినవాళ్లకే చేశాం. పైనుంచి "చెప్పొద్దు" అని ఎవరూ కాగితం పంపలేదు. చెప్పమని కూడా పంపలేదు.

ఇప్పుడు లెక్క చూడండి. 24,60,000 బాకీ మీద 9.40 చొప్పున నెలకు వడ్డీ సుమారు 19,270. 7.75 అయితే 15,890లోపే. తేడా నెలకు 3,380. 9.40 ఇలాగే కొనసాగితే ఇదే ఈఎంఐతో 173 నెలలు, 7.75 అయితే దాదాపు 147. ఇరవై ఆరు ఈఎంఐల తేడా, అంటే సుమారు 6,75,000. మీ కోపమంతా ఈ అంకె మీద. కానీ ఇందులో ఒక్క రూపాయి కూడా మీరింకా కట్టలేదు. ఈ డబ్బు ముందుంది. రెపో రేటుకు మారే స్విచ్ అప్లికేషన్ మీద సంతకం పెడితే ఆగిపోతుంది. ఇంకొకటి, డిసెంబరు రీసెట్‌లో ఎంసీఎల్ఆర్ తగ్గితే ఈ తేడా కూడా కొంత తగ్గుతుంది.

ఇప్పటికే మీ చేతిలోంచి పోయిన డబ్బు వేరే ఉంది. మీరు పెట్టిన ఫొటోల్లోనే నాకు రెండు కనిపించాయి.

మొదటిది స్ప్రెడ్. లెటర్‌లో 0.35. ఇప్పటి రేటు 9.40ని విడదీస్తే ఎంసీఎల్ఆర్ 8.80, స్ప్రెడ్ 0.60. మీ స్టేట్‌మెంట్‌లో రేటు మారిన వరుసలు పట్టుకుని వెనక్కి వెళ్తే ఈ పావు శాతం 2021 డిసెంబరు రీసెట్‌లో దూరింది. ఎంసీఎల్ఆర్ అటూ ఇటూ అవుతుంది, అందుకే దాని నీడలో స్ప్రెడ్ మారినా ఎవరి కంటా పడదు. మొత్తం రేటు తగ్గిన ఏడాదిలోనే స్ప్రెడ్ పెరిగితే ఇక అసలే పడదు. కస్టమర్ "రేటు తగ్గింది" అని సంతోషపడి ఇంటికెళ్తాడు. ఎంసీఎల్ఆర్ లోన్లలో పాత కస్టమర్ స్ప్రెడ్‌ను పెంచాలంటే అప్పు తీర్చగలడన్న అతని పరపతి నిజంగా దెబ్బతిని ఉండాలి. అది కూడా పూర్తిస్థాయి సమీక్ష చేసి, ఫైల్లో నోట్ రాసి ఉంటేనే. రిజర్వు బ్యాంకు 2016 నిబంధనల్లో ఈ మాట స్పష్టంగా ఉంది. 2021లో మీ ఈఎంఐ ఒకటి బౌన్స్ అయిందన్నారు. బ్యాంకు దాన్నే కారణంగా చూపొచ్చు. చూపనివ్వండి. ఒక్క బౌన్సుకు సమీక్ష చేశారా, చేస్తే ఆ నోట్ ఏది, ఎవరు సంతకం పెట్టారు, మీకు ఎప్పుడు తెలియజేశారు అని అడగండి. ఆ నోట్ లేకపోతే పావు శాతానికి ఆధారమే లేదు. నాలుగేళ్లకు సగటు బాకీ 26 లక్షలనుకుంటే ఏడాదికి 6,500, మొత్తం 26,000 దాకా. దాని మీద పడిన వడ్డీ అదనం.

రెండోది రీసెట్ తారీకు. 2020 డిసెంబరులో మీ రేటు 0.90 తగ్గాలి. స్టేట్‌మెంట్‌లో తగ్గింది 2021 జూన్‌లో. ఎవరో కొట్టడం మరిచారు, లేదా పాత తేదీ నుంచి వేయాల్సింది కొత్త తేదీ నుంచి వేశారు. 28 లక్షల బాకీ మీద ఆరు నెలలకు 12,600. విచిత్రమేమిటంటే, రేటు పెరిగిన 2022 డిసెంబరులో మాత్రం మీ రీసెట్ ఒక్క రోజు కూడా ఆలస్యం కాలేదు. ఇందులో కుట్ర ఉందని నేననను. పెంచడం మరిచిపోతే ఆడిటర్ పట్టుకుంటాడు. తగ్గించడం మరిచిపోతే పట్టుకునేది కస్టమర్ ఒక్కడే.

రెండూ కలిపి నలభై వేల లోపు. మీ కోపం ఆరు లక్షల డెబ్బై అయిదు వేలది, మీ కేసు మాత్రం నలభై వేలది. ఈ రెండింటికీ వేర్వేరు కాగితాలు రాయాలి.

ఇక్కడ ఒకాయన గురించి చెప్పాలి. 2013 ప్రాంతంలో విజయవాడ ఆటోనగర్‌లో లేత్ మిషన్ నడిపే పెద్దాయన 18 లక్షలకు లోన్ తీసుకుని పాత ఇల్లు కొన్నారు. అమ్మేవాళ్ల పేరు మీద మేము రెండో తారీకున చెక్కు రాసి ఫైల్లో పెట్టాం. అన్నదమ్ముల్లో ఒకాయన సంతకానికి రాక రిజిస్ట్రేషన్ ఇరవయ్యో తారీకుకు జరిగింది, చెక్కు ఆ రోజే ఇచ్చాం. వడ్డీ మాత్రం రెండో తారీకు నుంచే పడింది. ఆయన చిన్న చిట్టా పుస్తకం పట్టుకొచ్చి, "బాబూ, పద్దెనిమిది రోజులు చెక్కు మీ బీరువాలో ఉంది, వడ్డీ నేనెందుకు కట్టాలి?" అన్నారు. లెక్క కూడా తనే వేసుకొచ్చారు. 10.25 చొప్పున 9,098 రూపాయలు. మేము నవ్వాం. "అందరికీ అంతే పెద్దాయనా" అన్నాం. ఆయన కదల్లేదు. నెలకోసారి వచ్చి కుర్చీలో కూర్చునేవారు, గొంతు పెంచేవారు కాదు. నాలుగో నెల మా మేనేజరే విసుగొచ్చి రీజినల్ ఆఫీసుకు రాసి తిరిగి వేయించారు. మిగతా కస్టమర్లకు వేశామా? లేదు. వాళ్లెవరూ పుస్తకం పట్టుకు రాలేదు.

పదకొండేళ్ల తర్వాత 2024 ఏప్రిల్ 29న రిజర్వు బ్యాంకు సరిగ్గా ఈ పద్ధతినే అన్యాయమని సర్క్యులర్ ఇచ్చింది. డబ్బు చేతికివ్వకముందు నుంచి, అంటే శాంక్షన్ తారీకు నుంచో చెక్కు మీద తారీకు నుంచో వడ్డీ వెయ్యడం, నెల మధ్యలో ఇచ్చినా తీర్చినా నెలంతటికీ వడ్డీ వెయ్యడం, వాయిదాలు ముందే తీసేసుకుని మొత్తం అప్పు మీద వడ్డీ కట్టించడం, ఇవన్నీ తనిఖీల్లో బయటపడ్డాయని, అలా వసూలు చేసింది వెనక్కి ఇప్పించామని అందులోనే ఉంది. ఆ సర్క్యులర్ చదువుతుంటే నాకు ఆ చిట్టా పుస్తకమే గుర్తొచ్చింది. మీరు కూడా మీ మొదటి వడ్డీ ఏ తారీకు నుంచి పడిందో, బిల్డర్ ఖాతాలోకి డబ్బు ఏ తారీకున చేరిందో పక్కపక్కన పెట్టి చూడండి. బిల్డర్ ఇచ్చిన రసీదు ఉండే ఉంటుంది.

లెక్క వేసేటప్పుడు ఒక చోట చాలామంది బోల్తా పడతారు. బ్యాంకు రోజువారీ బాకీ మీద వడ్డీ కడుతుంది. 24,60,000 మీద 9.40 అంటే ఏడాదికి 2,31,240. దాన్ని పన్నెండుతో భాగిస్తే 19,270 వస్తుంది. కానీ 31 రోజుల నెలలో బ్యాంకు వేసేది 19,640 దాకా ఉంటుంది, ఫిబ్రవరిలో 17,739. "ఈ నెల 370 ఎక్కువ వేశారు" అని ఫిర్యాదు రాస్తే మొత్తం ఫిర్యాదునే పక్కన పడేస్తారు. ఎక్సెల్‌లో వేసినా, చేత్తో వేసినా బాకీని రేటుతో, రోజులతో గుణించి 365తో భాగించండి. అలా వేశాక కూడా తేడా వస్తే అప్పుడు అది తేడా.

ఇక గడువు సంగతి. 145 నెలలు మిగలాల్సింది 173 అయింది. ఇది చాలావరకు 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి దాకా రెపో 4 నుంచి 6.50కి ఎక్కినప్పటిది. ఈఎంఐ కదపకుండా బ్యాంకులు గడువు సాగదీశాయి. కస్టమర్‌కు నొప్పి తెలియదు, ఫోన్లు రావు, అందరికీ సుఖం. దీని మీద 2023 ఆగస్టు 18న రిజర్వు బ్యాంకు ఒక సర్క్యులర్ తెచ్చింది. రేటు మారినప్పుడు ఈఎంఐ పెంచుకుంటారా, గడువు పెంచుకుంటారా, రెండూ కొంత కొంత చేస్తారా, లేదా కొంత అసలు కట్టేస్తారా అని కస్టమర్‌ను అడగాలి. మూడు నెలలకోసారి ఇప్పటిదాకా అసలు ఎంత, వడ్డీ ఎంత, ఇంకెన్ని ఈఎంఐలు, రేటు ఎంత అన్న స్టేట్‌మెంట్ ఇవ్వాలి. పాత లోన్లకు కూడా ఆ ఏడాది డిసెంబరు 31లోగా అమలు చెయ్యాలి. మీకు అలాంటి కబురేదీ రాలేదన్నారు. పంపామని బ్యాంకు అంటే ఏ తారీకున, ఏ నంబరుకు, ఏ మెయిల్‌కు పంపారో చూపించమనండి. డబ్బు తిరిగొచ్చే పాయింటు కాదిది. కానీ బ్యాంకు రూలు పాటించలేదని రుజువయితే మిగతా రెండు పాయింట్లకు బలం వస్తుంది.

బీమా ప్రీమియం 87,000 లోన్‌లోంచే పోయిందని రాశారు. నిజం చెప్పాలంటే ఎనిమిదేళ్ల తర్వాత దాన్ని మొత్తంగా వెనక్కి తేవడం కష్టం. పాలసీ వద్దనుకునే ఫ్రీ లుక్ గడువు ఎప్పుడో దాటింది. పాలసీ కాపీ తీసుకుని సరెండర్ విలువ (పాలసీ మధ్యలో వదిలేస్తే తిరిగొచ్చేది) ఉందేమో చూడండి, లోన్ తీర్చేసినప్పుడో వేరే బ్యాంకుకు మార్చినప్పుడో అది అడగాలి. ఈ ఫిర్యాదులో మాత్రం దీన్ని కలపకండి.

ఇప్పుడు ఉత్తరం రాద్దాం. బ్రాంచి మేనేజరుకు ఒకే ఒక్క పేజీ రాయండి. తెలుగులో రాసినా ఫరవాలేదు. "దోపిడీ", "మోసం" అన్న మాటలు వద్దు. ఇలా ఉంటే చాలు: "నా శాంక్షన్ లెటర్ ప్రకారం స్ప్రెడ్ 0.35. 2021 డిసెంబరు నుంచి 0.60 వేస్తున్నారు. ఏ సమీక్ష ఆధారంగా పెంచారో ఆ కాగితం కాపీ ఇవ్వండి. లేని పక్షంలో 0.35కి సరిచేసి, అప్పటి నుంచి ఎక్కువ తీసుకున్న వడ్డీ నా లోన్ ఖాతాకు ఆయా తేదీల నుంచి జమ చెయ్యండి. 2020 డిసెంబరు రీసెట్ 2021 జూన్‌లో అమలు చేశారు, ఆ ఆరు నెలల తేడా కూడా జమ చెయ్యండి. మొదటి రోజు నుంచి ఇప్పటిదాకా రేటు మార్పుల పట్టిక ఇవ్వండి." ఆ "ఆయా తేదీల నుంచి" అన్న మాట వదలొద్దు. ఇవాళ్టి తేదీతో జమ చేస్తే దాని మీద ఇన్నాళ్లూ పడిన వడ్డీ బ్యాంకుకే మిగిలిపోతుంది.

రెండు కాపీలు పట్టుకెళ్లి ఒకదాని మీద సీలు, తారీకు వేయించుకోండి. సీలు వెయ్యమంటే కాగితాలు తీసుకునే ఇన్‌వర్డ్‌లో ఇవ్వండంటారు, ఇన్‌వర్డ్‌లో ఆయన టీకి వెళ్లారంటారు. కూర్చోండి. అదే ఉత్తరం బ్యాంకులో ఫిర్యాదులు చూసే నోడల్ ఆఫీసరుకు మెయిల్ కూడా చెయ్యండి. మీది ప్రభుత్వ బ్యాంకు కాబట్టి పది రూపాయలతో ఆర్టీఐ (సమాచార హక్కు దరఖాస్తు) కూడా వెయ్యొచ్చు. మీ సొంత లోన్ ఫైల్లోని సమీక్ష నోట్ కాపీ అడగండి. ప్రైవేటు బ్యాంకుల మీద ఈ ఆయుధం పనిచెయ్యదు. చాలా కేసుల్లో ఆర్టీఐకి వచ్చే జవాబు "అలాంటి రికార్డు లేదు" అనే. మీకు కావాల్సింది కూడా సరిగ్గా అదే వాక్యం.

ముప్పై రోజులు చూడండి. జవాబు రాకపోయినా, నచ్చకపోయినా బ్యాంకుల మీద ఫిర్యాదులు విచారించే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు వెళ్లండి. 2021 నవంబరు 12 నుంచి దేశమంతటికీ ఒకే పథకం ఉంది. రిజర్వు బ్యాంకు ఫిర్యాదుల సైటు సీఎంఎస్ పోర్టల్లో వెయ్యొచ్చు, 14448కి ఫోన్ చేసి ఎలాగో కనుక్కోవచ్చు, కాగితం మీద రాసి చండీగఢ్‌లోని కేంద్రానికి పంపొచ్చు. ఫీజు లేదు. లాయరు ద్వారా వేస్తే తీసుకోరు, మీరే వెయ్యాలి. 2021 పథకంలో గడువు బ్యాంకు జవాబిచ్చిన ఏడాదిలోపు, కానీ అంత ఆగకుండా వెంటనే వెయ్యండి. ఇక్కడే మళ్లీ చెబుతున్నాను, "కొత్తవాళ్లకు 7.75, నాకు 9.40" అన్న వాక్యం అందులో ఎక్కడా ఉండొద్దు. వడ్డీ ఎంత ఉండాలన్నది బ్యాంకు వ్యాపార నిర్ణయం, దాన్ని అంబుడ్స్‌మన్ ముట్టరు. ఆ ఒక్క వాక్యం చూసి ఫైలు మూసెయ్యొచ్చు. "ఒప్పుకున్న షరతు తప్పారు" అన్నది సేవాలోపం, దాన్ని ముట్టుకుంటారు.

పాత పద్దులకు కాలపరిమితి అడ్డొస్తుంది. మూడేళ్లు దాటిన విషయం మీద బ్యాంకుకు ఇప్పుడే మొదటిసారి రాస్తున్నారంటే అభ్యంతరం చెబుతారు. పొరపాటు బయటపడ్డ రోజు నుంచి లెక్క వెయ్యాలని లిమిటేషన్ చట్టం 17వ సెక్షన్ పట్టుకుని వాదించొచ్చు, కానీ గెలుస్తారని మాటివ్వలేను. అందుకే స్ప్రెడ్‌ను ముందు పెట్టి, రీసెట్‌ను తర్వాత పెట్టమన్నాను. స్ప్రెడ్ ఈ నెల కూడా పడింది, వచ్చే నెలా పడుతుంది.

అక్కడా కుదరకపోతే వినియోగదారుల కమిషన్. లోన్ విజయవాడలో తీసుకున్నా మీరు ఉండేది గుంటూరు కాబట్టి గుంటూరు జిల్లా కమిషన్లోనే వెయ్యొచ్చు, 2019 చట్టం ఆ వీలిచ్చింది. గడువు రెండేళ్లు. నా అభిప్రాయంలో నలభై వేలకు అక్కడిదాకా వెళ్లాల్సి రాదు. సమీక్ష నోట్ లేదని బ్యాంకుకు తెలిసిన రోజునే జమ అయిపోతుంది.

కోపం మీద ఈఎంఐ ఆపాలని మాత్రం ఎవరు చెప్పినా వినకండి. ఈఎంఐ ఆపేస్తానని మీరు రాసిన చివరి వాక్యం చూసి నాకు భయం వేసింది, అందుకే చెబుతున్నాను. తొంభై రోజులు దాటితే ఖాతా మొండి బాకీ అవుతుంది, ఆ తర్వాత సర్ఫేసీ (కోర్టుకు వెళ్లకుండానే తనఖా ఇంటిని స్వాధీనం చేసుకునే చట్టం) నోటీసు, అరవై రోజుల గడువు. నలభై వేల వాదన అక్కడితో సరి. పైగా అప్పుడు మీ పరపతి నిజంగానే దెబ్బతింటుంది, స్ప్రెడ్ పెంచడానికి బ్యాంకుకు మీరే కాగితం రాసిచ్చినట్టవుతుంది.

"ఒక్కడిని రాస్తే బ్యాంకు మారుతుందా" అన్నారు. మారదు. ఆ మాటకొస్తే ఈ జబ్బు రిజర్వు బ్యాంకుకు తెలియనిదీ కాదు. 2017లో జనక్ రాజ్ నాయకత్వంలో వేసిన అంతర్గత అధ్యయన బృందమే, బ్యాంకులు బేస్ రేటు, ఎంసీఎల్ఆర్ లెక్కల్లో ఇష్టమొచ్చినట్టు సర్దుబాట్లు చేసి రేటు దిగకుండా చూశాయని రాసింది. దాని సిఫార్సు వల్లే 2019లో బయటి బెంచ్‌మార్కు వచ్చింది. రూలు మారింది, ముందుకు పనికొచ్చింది. కానీ వెనక తిన్నది కక్కమని ఎవరూ అనలేదు.

ఐర్లాండ్‌లో అలా అన్నారు. అక్కడ యూరోపియన్ సెంట్రల్ బ్యాంకు రేటుకు ముడిపడిన ట్రాకర్ లోన్లుండేవి. ఆ రేటు పడిపోయేసరికి బ్యాంకులు వేలమందిని ఆ లోన్లలోంచి తప్పించాయి, లేదా తిరిగి రానివ్వలేదు. 2015లో అక్కడి కేంద్ర బ్యాంకు పెద్ద తనిఖీ మొదలుపెట్టి, మీ పుస్తకాలు మీరే తిరగేసి అన్యాయమైనవాళ్లను మీరే వెతికి డబ్బివ్వండి అంది. నలభై వేల మందికి పైగా తేలారు. 2022లో ఒక్క బ్యాంక్ ఆఫ్ ఐర్లాండ్‌కే పది కోట్ల యూరోలు దాటి జరిమానా వేశారు. మన దగ్గర పుస్తకం తిరగెయ్యాల్సింది కస్టమరే.

అందుకని మీ ఒక్క ఫ్లాటుతో ఆగకండి. మీ అపార్టుమెంటులో చాలామంది అదే బిల్డరు టై-అప్ మీద అదే బ్రాంచిలో తీసుకుని ఉంటారు. అసోసియేషన్ మీటింగులో లిఫ్టు మెయింటెనెన్సు గొడవ అయ్యాక ఒక పది నిమిషాలు అడగండి, మీ లెటర్‌లో స్ప్రెడ్ ఎంత, ఇప్పుడు ఎంత వేస్తున్నారు అని. 2021 డిసెంబరు చుట్టుపక్కల నలుగురికి ఒకేలా పావు శాతం పెరిగి ఉంటే మీ ఈఎంఐ బౌన్సు కథ అక్కడే పోతుంది. నలుగురి పరపతీ ఒకే నెలలో దెబ్బతినదు కదా. ఎవరి ఉత్తరం వాళ్లు రాయండి, ఒకే రోజు ఇవ్వండి. కమిషన్ దాకా పోతే ఒకే రకం నష్టం ఉన్నవాళ్ల తరఫున కొందరు అనుమతి తీసుకుని కలిపి వెయ్యడానికి 2019 వినియోగదారుల చట్టం 35వ సెక్షన్లో వీలుంది.

స్విచ్ సంగతి ఆఖర్న చెబుతున్నాను గానీ అది ఈ వారమే చెయ్యాలి, ఫిర్యాదు తేలేదాకా ఆగొద్దు. ఆగితే నెలకు మూడు వేల పైచిలుకు పోతుంది. అప్లికేషన్ ఫారంలో "గత వడ్డీకి సంబంధించి ఎలాంటి క్లెయిములు లేవు" అన్న లైను ఉంటే కొట్టేసి పక్కన సంతకం పెట్టండి. కొట్టెయ్యనివ్వకపోతే "నా ఫలానా తేదీ ఫిర్యాదుకు లోబడి" అని రాయండి. కొత్త స్ప్రెడ్ ఎంతో కాగితం మీద తీసుకోండి. ఈఎంఐ తగ్గిస్తామంటే వద్దనండి, 26,035 అలాగే ఉంచి గడువు తగ్గించమనండి. బ్యాంకు నాన్చితే వేరే బ్యాంకు నుంచి ఆఫర్ లెటర్ తెచ్చి బల్ల మీద పెట్టండి. ఫ్లోటింగ్ హోమ్ లోన్ ముందే తీర్చేస్తే వ్యక్తుల దగ్గర బ్యాంకులు చార్జీ తీసుకోకూడదని 2012 నుంచీ ఉంది. లోన్ పూర్తిగా తీరిన ముప్పై రోజుల్లో దస్తావేజులు తిరిగివ్వాలి, వాళ్ల తప్పు వల్ల ఆలస్యమైతే రోజుకు అయిదు వేలు మీకు కట్టాలి, 2023 డిసెంబరు 1 నుంచి. నిజంగా మారాల్సి వస్తే కొత్త బ్యాంకు ప్రాసెసింగ్, లీగల్, తనఖా రిజిస్ట్రేషన్ ఖర్చులు కలిపి చూసుకోండి. వాళ్లిచ్చే కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ (లోన్ రేటు, చార్జీలు ఒక్కచోట రాసిన కాగితం)లో లేని చార్జీని మీ ఒప్పుకోలు లేకుండా తర్వాత వెయ్యకూడదు, కాబట్టి ఆ పేజీ జాగ్రత్త చేసుకోండి.

డిసెంబరు రీసెట్ తర్వాతి స్టేట్‌మెంట్, రేటు మార్పుల పట్టిక చేతికొచ్చాక ఖాతా నంబరు కొట్టేసి ఇక్కడ పెట్టండి. ఆ 0.60 ఏ తారీకున ఎక్కిందో వరుస వరుసగా చూసి చెబుతాను.